కరువులందు, వరదలందు సర్కారు సాయము: వేలూరు, గుడియాత్తము ప్రాంతపు రైతుల చరిత్రలో ఒక ఘట్టము

వేలూరును గూర్చి మన సంచికలలో వ్యాసములు తక్కువగా లేవు. కోటను గూర్చియు, జలకంఠేశ్వరాలయపు కల్యాణమంటపమును గూర్చియు, 1806 జూలైలో కోటలోని సిపాయిలు చేసిన తిరుగుబాటును గూర్చియు పెద్దలు విపులముగా వ్రాసియున్నారు. కోట వెలుపలి రైతును గూర్చి మాత్రము అంతగా వ్రాయలేదు. వాన రాక పైరు ఎండిన ఏట, లేక వాన మిక్కుటమై పైరు కొట్టుకొనిపోయిన ఏట, ప్రభుత్వము అతనికి ఏమి యిచ్చెను? ఏ రూపమున నిచ్చెను? ఇచ్చినది ఎవరి చేతికి చేరెను? ఉత్తర ఆర్కాటు జిల్లాను, అందును ముఖ్యముగా వేలూరు గుడియాత్తము తాలూకాలను దృష్టియందుంచుకొని ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇందు రాజుల పేర్లు లేవు, యుద్ధములు లేవు. శిస్తులు, అడంగళ్ళు, పట్టాలు, రూపాయలు మాత్రము కలవు. అవి రుచించని పాఠకులు క్షమింతురు గాక.

మొదట ఎల్లలను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము కుంపిణీవారి వశమైన పిమ్మట ఏర్పడిన ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిరకాలము చిత్తూరే ముఖ్యపట్టణము. 1911లో చిత్తూరు వేరు జిల్లా అయినది. 1989లో తిరువణ్ణామల విడిపోయినది. 2019లో రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు వేరుపడినవి. కావున నేటి వేలూరు జిల్లా నాటి పెద్ద జిల్లాలో ఒక చిన్న భాగము. పాత లెక్కలను చూచునప్పుడు ఈ సంగతి మరువరాదు. నాటి జిల్లా సగము తెలుగు దేశము, సగము తమిళ దేశము. కలెక్టరు కచ్చేరిలో రెండు భాషలును నడిచెడివి. గుడియాత్తము తాలూకాలోని రైతుకు పలమనేరు కొండలు ఎంత దగ్గరో వేలూరు కోటయు అంతే దగ్గర.

ఈ సీమకు ప్రాణాధారమగు పాలారు మైసూరు పీఠభూమిలో పుట్టి, 348 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున గలయుచున్నది. అందు 93 కిలోమీటర్లు కర్ణాటకములో, 33 ఆంధ్రప్రదేశములో, తక్కిన 222 తమిళనాటిలో నున్నవి. ప్రవాహమని వాడుకగా అనుచున్నాము గాని, సంవత్సరములో అధికభాగము అది ఇసుకయే. నీరు ఇసుక క్రింద నుండును. రైతు బావి త్రవ్వి ఆ నీటిని పైకి తెచ్చుకొనును. చిత్తూరు కొండలలో పుట్టి గుడియాత్తము మీదుగా వచ్చి పాలారులో గలయు కౌండిన్యనది స్వభావమును ఇట్టిదే. ఇట్టి నదులకు రెండు దోషములు కలవు. ఏండ్ల తరబడి ఎండియుండుట ఒకటి. ఎండిన నది యని జనులు ఒడ్డున ఇండ్లు కట్టుకొన్న పిమ్మట ఒక్క రాత్రిలో నిండివచ్చుట రెండవది. కావున మన రైతునకు ప్రభుత్వ సాయము అవసరమైనది కరువులందు మాత్రమే కాదు.

ఇక సాయపు తొలి రూపమునకు వత్తము. రైతువారీ పద్ధతి స్థిరపడిన తరువాత ప్రభుత్వము రైతునకు చేసిన సాయము ఇచ్చుట కాదు, పుచ్చుకొనకుండుట. దీనిని 'వజా' యనిరి. పైరు పోయినదని ఋజువైనచో ఆ ఏటి తీర్వలో కొంతయో అంతయో తగ్గింతురు. నీరు చాలక ఎండిన పైరును 'సావి' యనియు, నీట మునిగి పోయినదానిని 'ఫలనష్టము' అనియు లెక్కలలో వ్రాసెడివారు. కరణము పొలము చూచి అడంగలులో పైరు వ్రాయును. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీ చేయును. ఫసలీ ముగియు కాలమున జమాబందిలో కలెక్టరో ఆయన క్రింది అధికారియో వజాను ఖాయము చేయును. ఈ మూడు మెట్లలో ఏ మెట్టునందైనను రైతు జారవచ్చును. కరణము చూడవచ్చిన దినమునకు ఎండిన పైరును పశువులకు కోసి వేసినచో సావి కనబడదు. కోయకుండ నిలిపినచో పశువులకు మేత లేదు. పాత తరమువారు దీనిని నవ్వుచు చెప్పుకొనెడివారు గాని అది నవ్వవలసిన విషయము కాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. వజా యనునది ప్రధానముగా మాగాణికి. సర్కారు చెరువులో నీరు లేక పైరు పోయినచో, నీటికై వేసిన తీర్వను పుచ్చుకొనుట న్యాయము కాదని ప్రభుత్వము ఒప్పుకొనెను. మెట్టకు అట్లు కాదు. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున సర్వే సెటిల్మెంటులు జరిగినప్పుడు, మంచి ఏడును చెడ్డ ఏడును కలిపి సరాసరి చూచియే మెట్టకు తక్కువ తీర్వ వేసితిమి, కావున పంట పోయిన ఏట వేరుగా వజా ఇయ్య నక్కరలేదు అనునది ప్రభుత్వపు వాదము. జిల్లాయంతట పైరు పోయిన మహాక్షామములందు తప్ప మెట్టరైతునకు సామాన్యముగా వజా లేదు. వాదము కాగితముపై సరిగానే యున్నది. కాని సరాసరిని తిని బ్రతుకు మనుష్యుడు లేడు. గుడియాత్తము, పేర్నంబట్టు వైపున భూమిలో అధికభాగము మెట్ట. రాగి, జొన్న, సజ్జ, తరువాతి కాలమున శెనక్కాయ. అనగా సాయపు నియమము పుట్టిననాడే మన ప్రాంతపు రైతులలో ఎక్కువమంది దాని వెలుపల నిలిచిరి. మెట్టకు రెండవ పీట వేయు ఈ అలవాటును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను; ఇది మరల కనబడును.

1876 నుండి 1878 వరకు వచ్చిన మహాక్షామమును మన ఇండ్లలో ధాత కరువు అందురు. మన ఇరుగుపొరుగు తమిళులును ఆ సంవత్సరపు పేరుతోనే 'తాదు' వర్షపు పంజమని చెప్పుకొందురు. ఒకే పేరుతో రెండు భాషలవారును జ్ఞాపకముంచుకొన్న ఆపద ఇది. జిల్లా జనసంఖ్య 1871 లెక్కలలో 20 లక్షల 15 వేలు. 1881 లెక్కలలో 18 లక్షల 17 వేలు. పదేండ్లలో పెరుగవలసిన జనము పెరుగకపోవుటయే కాక 2 లక్షలు తగ్గినది. చనిపోయినవారెందరు, దేశము విడిచిపోయినవారెందరు అని విడదీయుట కష్టము. తగ్గిన సంఖ్యయే చాలు.

ఈ కరువులో ప్రభుత్వము తెరచిన ద్వారము కూలిపని. రోడ్లు వేయుట, చెరువులు త్రవ్వుట మొదలగు పనులకు వచ్చినవారికి దినకూలి. 1877 జనవరిలో వైస్రాయి తరపున వచ్చిన రిచర్డు టెంపుల్ దొర పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమునకు సరిపడు సొమ్మును, పైన ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఒక పౌను అనగా అరకిలో కంటె తక్కువ. మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు, మట్టి మోయు మనుష్యునకు ఈ తిండి చాలదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి హెచ్చించిరి. ఆ నెలలలో పోయినవారు పోయిరి. ఇచ్చట నేను గమనింపగోరునది ఏమనగా, ఈ సాయము రైతుకు రైతుగా అందినది కాదు. అతడు కాడిని, కొట్టమును విడిచి కూలివాడై వచ్చినప్పుడే అందినది. పట్టా గల కాపు గంపనెత్తుకొని రోడ్డుపనికి వచ్చుట మానహానిగా తలచి తుదివరకు ఇల్లు కదలలేదనియు, కదలునప్పటికి పనిచేయు సత్తువ లేకపోయెననియు ఆ కాలపు వ్రాతలలో పలుతావుల కనబడును.

రైతు చేతికి విత్తనమునకై, ఎద్దులకై, ఇంటి కప్పునకై రొక్కమిచ్చినది ఆనాడు ప్రభుత్వము కాదు. లండను మేయరు ఆధ్వర్యమున వసూలైన చందాల నిధి ఆ పని చేసెను. మదరాసులో ఆ నిధికి కార్యదర్శిగా నుండిన విలియం డిగ్బీ తరువాత ఆ కరువు చరిత్రను రెండు సంపుటములుగా వ్రాసెను. వాన కురిసినను విత్తుటకు గింజ లేనివానికి వానవలన ఏమి ప్రయోజనమను చిన్న సత్యమును ఆ నిధివారు గ్రహించిరి. నేటి ప్రభుత్వములు 'పెట్టుబడి సహాయము' అను పేర నిచ్చుచున్నది సరిగా ఇదియే. దానికి మన సీమలో తొలి మాదిరి ధర్మచందా యనుట చరిత్రలో ఒక చిత్రము.

కరువు పిమ్మట విచారణసంఘము కూర్చుండి 1880లో నివేదిక సమర్పించెను. మదరాసునకు 1883లో క్షామనిబంధనావళి వచ్చెను. ఆ ఏటనే భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, మరుసటి ఏట, అనగా 1884లో, రైతుల ఋణముల చట్టమును చేసిరి. మొదటిదానిక్రింద బావి త్రవ్వుటకు, గట్టు వేయుటకు. రెండవదానిక్రింద విత్తనములకు, ఎద్దులకు అప్పు. దీనినే మనవారు తకావి యనిరి. సావుకారు వడ్డీతో పోల్చినచో తకావి వడ్డీ ఎంతో మేలు. అయినను దీనికి పూచీ కావలెను. పూచీ యనగా భూమి. భూమి లేక కౌలుకు దున్నువానికి, అంగబలము గల కాపు ఎవరైన జామీను నిలిచిననే తప్ప, తకావి లేదు. 1901లో మక్డానెల్ దొర అధ్యక్షతను కూర్చున్న సంఘము, అప్పు ఇచ్చుటలో ఆలస్యము కూడదనియు, జనుల ధైర్యము చెడకముందే విత్తనములకు, పశువులకు సొమ్ము చేర్చవలెననియు హితవు చెప్పెను. ఆ మాట నేటికిని పాతబడలేదు.

వరదల సంగతి వేరు. 1903 నవంబరులో మైసూరు వైపున చెరువులు తెగి, పాలారు పొంగి, వాణియంబాడి పట్టణములో అనేకులను పొట్టనబెట్టుకొన్నది. కరువునకు నిబంధనావళి యున్నది గాని వెల్లువకు అంతటి యేర్పాటు ఆనాడు లేదు. వెల్లువ ఒక రాత్రిలో వచ్చి పోవును. పొలముమీద ఇసుక మేట మాత్రము మిగులును. ఒక పంట పోవుట వేరు, భూమియే పోవుట వేరు. ఇసుకమేట తీయుటకు వేరుగా సాయమిచ్చు నియమము స్వతంత్ర భారతదేశములోనే స్థిరముగా వచ్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట జిల్లా రాజకీయముగా వెలుగులోనికి వచ్చినది. 1954లో ముఖ్యమంత్రి యైన కామరాజు శాసనసభలో ప్రవేశించుటకు ఎన్నుకొన్న నియోజకవర్గము గుడియాత్తమే. అందువలన గుడియాత్తపు సావి వజాలు హెచ్చినవని నేను చెప్పబోను. ఊరి పేరు పత్రికలలో కనబడినది. అసలు మార్పులు మెల్లగా వచ్చినవి. 1980 నవంబరులో తమిళనాటిలో వంశపారంపర్యపు కరణము, మునసబు పదవులు రద్దయినవి. వారి స్థానమున పరీక్ష వ్రాసి వచ్చిన గ్రామ పరిపాలనాధికారి, అనగా వి.ఏ.ఓ., అడంగలు వ్రాయసాగెను. 1990 నుండి ఆపదల ఖర్చునకు కేంద్ర రాష్ట్రములు కలిసి వేయు నిధి యేర్పడినది. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. దాని ఫలముగా రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి పుట్టినది. అందు నాలుగింట మూడు వంతులు కేంద్రమును, ఒక వంతు రాష్ట్రమును సమకూర్చవలెను. పంట పోయిన రైతునకు ఎకరానికో హెక్టారుకో ఇంత యని సొమ్ము నేరుగా ఇచ్చుట ఈ నిధులతో వాడుకకు వచ్చినది. వజా, అప్పు, కూలి - ఈ మూటి తరువాత నాలుగవ రూపము రొక్కము.

ఆ రొక్కపు లెక్కను కొంచెము నిదానముగా చూతము. 2015 వరకు పంట సగమైన పోయిననే సాయము. ఆ ఏట దానిని మూడింట ఒక వంతుకు, అనగా 33 శాతమునకు తగ్గించిరి. హెక్టారునకు కేంద్రము నిర్ణయించిన మొత్తము, వర్షాధారపు భూమికి 6,800, నీటివసతి గల భూమికి 13,500, తోటలకు 18,000 రూపాయలు. ఒక రైతునకు 2 హెక్టార్ల వరకే. తమిళనాటి ప్రభుత్వము మెట్ట మొత్తమును 7,410 చేసినది. 2016లో ఈశాన్య ఋతుపవనము చెడగా, 2017 జనవరి 10వ తేదీన రాష్ట్రములోని జిల్లాలన్నియు కరువు జిల్లాలని ప్రకటింపబడెను. అప్పుడు ఎకరమునకు వరికిని నీటిపారుదల పంటలకును 5,465 రూపాయలు, మెట్టపంటకు 3,000, తోటలకు 7,287 అని చెప్పిరి. హెక్టారు లెక్కను 2.47తో భాగించిన వచ్చు సంఖ్యలే ఇవి. ఆ ఏటి భూమిశిస్తు మాఫీ అయినది; సహకార సంఘపు పంట అప్పులను మధ్యకాలపు అప్పులుగా మార్చిరి. రాష్ట్రమంతట 32 లక్షల పైచిలుకు రైతులకు 2,247 కోట్ల రూపాయలు కేటాయించిరి. భాగహారము చేసినచో సగటున ఒక్కొక్కరికి 7 వేల లోపు.

ఎకరము మెట్టలో శెనక్కాయ వేసి పోగొట్టుకొన్న గుడియాత్తపు రైతునకు దక్కునది 3,000. విత్తనపు కాయలకే ఆ సొమ్ము చాలదని రైతులందురు. పెట్టుబడి తక్కువ గనుక మెట్టకు సాయము తక్కువ యనుట అధికారుల సమాధానము. 150 ఏండ్ల క్రిందటి సెటిల్మెంటువారి సమాధానమునకు ఇది తమ్ముడు. పెట్టుబడిలో భేదము నిజమే. కాని బావి గల రైతునకు ఒక పంట పోయిన రెండవ పంటకు ఆశ యున్నది. మెట్టరైతునకు ఏడాదికి ఒకటే పంట, ఒకటే ఆశ. నష్టమును కొలువక పెట్టుబడిని కొలుచుటవలన నీరు గలవానికి రెండింతలు, లేనివానికి ఒకింత అను ఫలము వచ్చుచున్నది. 2022 తరువాత ఈ మొత్తములు 8,500, 17,000, 22,500 అయినవి. 2024 ఆఖరున ఫెంగల్ తుపాను పిమ్మట తమిళనాడు ప్రకటించినది ఈ రేట్లే. మొత్తము పెరిగినది. మెట్టకును మాగాణికిని గల నిష్పత్తి మారలేదు.

2021 నవంబరు మన ప్రాంతమునకు మరపురాని నెల. చెన్నపట్టణపు తీరము నుండి లోనికి వచ్చిన వాయుగుండమువలన కుండపోతగా వాన కురిసెను. కౌండిన్యపై గల మోర్దాన జలాశయము నిండి పొరలెను. గుడియాత్తములో ఒడ్డు ఇండ్లలోనికి నీరు జొచ్చెను. పాలారు ఎన్నడో గాని చూడనంత వెడల్పున పారెను. 19వ తేదీ వేకువను పేర్నంబట్టులో తడిసిన గోడ కూలి నలుగురు పిల్లలతో సహా తొమ్మండుగురు మరణించిరి. పంట నష్టమునకు ప్రభుత్వము కోతకు వచ్చిన పైరు పూర్తిగా పోయినచో హెక్టారునకు 20,000 రూపాయలనియు, తిరిగి నాటుకొనవలసిన సంబా వరికి 6,038 రూపాయల విలువగల విత్తనములు, ఎరువులు ఇత్తుమనియు ప్రకటించెను. విత్తనమును వస్తువుగా నిచ్చుటలో 1877నాటి చందా నిధి బుద్ధియే తిరిగి కనబడుచున్నది. కాని ఈ నియమములన్నియు కావేరీ డెల్టా వరిని తలచి చేసినవి. కార్, కురువ, సంబా యను పేర్లు తంజావూరు రైతునకు అలవాటు. మన కొండపాదపు పల్లెలలో ఆ నెల తడిసినది వరి కంటె కోసి ఆరవేసిన శెనక్కాయ, రాగి. పొలము నుండి కోసి కుప్పవేసిన తరువాత తడిసిన పంట 'నిలిచిన పైరు' కాదు గనుక దానికి సాయము పొందుట ఎంత ప్రయాసమో అనుభవించినవారికి తెలియును.

ఇక మూడవ ప్రశ్న: ఎవరి చేతికి? వజా పట్టాదారునకు, తకావి పూచీగల భూస్వామికి, రొక్కము అడంగలులో పేరున్నవాని బ్యాంకు ఖాతాకు. రూపము నాలుగు విధములుగ మారినను దారి ఒక్కటే, అది పట్టా దారి. కౌలుదారుల పేర్లు నమోదు చేయుటకు తమిళనాటిలో 1969లోనే చట్టము కలదు. కాని మన పల్లెలలో కౌలు నోటిమాటపై నడచును. పేరెక్కించినచో భూమి పోవునని యజమానికి భయము. పేరు అడిగినచో కౌలు పోవునని దున్నువానికి భయము. ఈ రెండు భయముల నడుమ అడంగలులో యజమాని పేరే నిలుచును. వేలూరిలోనో బెంగుళూరిలోనో ఉద్యోగము చేసికొను పట్టాదారుని ఖాతాలో సాయము పడును. విత్తినవాడు తరువాతి కౌలులో తగ్గించుమని అతనిని బతిమాలుకొనును. మంచి యజమానులు లేకపోలేదు. చట్టమును వారి మంచితనమునకు వదలుట సబబు కాదు.

మన సంఘమువారికి ఇది కొంత నొప్పి కలిగించు మాట యని యెరిగియు వ్రాయుచున్నాను. ఈ జిల్లా తెలుగువారి చరిత్ర యనగా మనము నాయుళ్ళ, రెడ్ల, బలిజల చరిత్రగా వ్రాసికొనుచున్నాము. అరుంధతీయుల వాడలలో ఇండ్లలో తెలుగే మాటలాడుకొను కుటుంబములు మన జిల్లాలో కలవు. వారిలో పట్టా గలవారు స్వల్పము. పంట పోయిన ఏట పట్టాదారునకు ఎకరమునకు ఇంత యని లెక్క యున్నది. కోత లేక కూలి పోయినవానికి ఆ లెక్కలో గడియే లేదు. ధాత కరువునాడు కూలివానికి, చాలీచాలనిదైనను, ఒక అణాయు పౌను గింజలును నియమములో నుండెను. 2005నాటి మహాత్మాగాంధి గ్రామీణ ఉపాధి చట్టముతో అతనికి పని కల్పింపబడెను. కాని పంటనష్టపు పట్టికలో అతని పేరు లేదు.

భాష సంగతి కూడ చెప్పవలెను. 1957 నుండి రాష్ట్ర ప్రభుత్వ భాష తమిళము, అది న్యాయమే. కొందరి ఇండ్లలో తాతముత్తాతల క్రయపత్రములు, పంపకపు దస్తావేజులు తెలుగు లిపిలో నున్నవి. వానిని చదువగల మనుమలు తగ్గిపోవుచున్నారు. తమిళములో వచ్చు నోటీసును చదువలేని ముసలి రైతులు ఇంకను కలరు. మా పాఠశాలలోని పిల్లలు ఇప్పుడు రెండు లిపులును నేర్చుచున్నారు గనుక, తాతకు నోటీసును, వి.ఏ.ఓ.కు తాత దస్తావేజును చదివి వినిపించు పని వారిపై పడుచున్నది. తెలుగు బడి వలన ప్రయోజనమేమని అడుగువారికి నేను చెప్పు సమాధానములలో ఇది యొకటి. ఒక పట్టాపై తాత పేరు, వేరొక పత్రములో అదే పేరు తమిళ ఉచ్చారణలో వేరుగ పడుటవలన సాయము నిలిచిపోయిన సందర్భములు కలవు. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. రెండు లిపుల నడుమ నివసించువారికి తప్పని చిక్కు ఇది.

ప్రకృతి చేసిన నష్టమునకు ఇంత తర్జనభర్జన యున్నప్పుడు మనుష్యుడు చేసిన నష్టమునకు ఏమైనదో చూచుట ఉచితము. పాలారు వెంబడి వాణియంబాడి, ఆంబూరు, పేర్నంబట్టు, రాణిపేటలలోని తోళ్ళ కార్ఖానాలు వదలిన నీటివలన బావులు చెడి, భూములు చౌడుబారి, రైతులు సేద్యము మానుకొన్న కథ మనకు తెలిసినదే. వేలూరు పౌరసంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1996 ఆగస్టు 28న, చెరచినవాడే చెల్లింపవలెనను సూత్రమును స్థిరపరచి, నష్టమును నిర్ణయించుటకు ఒక ప్రాధికార సంస్థను వేయుమని ఆజ్ఞాపించెను. ఆ సంస్థ 2001 మార్చి 7వ తేదీన 29,193 మందిని బాధితులుగ గుర్తించి, 547 కార్ఖానాలు చెల్లింపవలసిన మొత్తము 26 కోట్ల 82 లక్షలని తేల్చెను. అనగా బాధితునకు సగటున 9 వేల రూపాయల చిల్లర. ఒక తరము సేద్యమునకు. కరువు రొక్కము ఒక పంటకు, ఇది భూమి సారమునకు. అయినను మొత్తములు దాదాపు అన్నదమ్ములవలె నున్నవి. 2025 జనవరి 30న సుప్రీముకోర్టు మరల తీర్పు చెప్పి, ఇంకను అందనివారికి ఆరు వారములలో చెల్లింపుమని ప్రభుత్వమును ఆదేశింపవలసివచ్చెను. 2001లో లెక్కకెక్కినవారిలో అప్పటికి ముదుసలులైనవారెందరో, లేనివారెందరో.

పంటల బీమాను గూర్చి ఒక మాట. 1920లోనే మైసూరులో జె.ఎస్. చక్రవర్తి వానలెక్క ననుసరించి బీమా నిచ్చు పథకమును పుస్తకముగా ప్రకటించెను. మన పొరుగు రాజ్యములో పుట్టిన ఆలోచన అది. దేశమునకు 1985లో సమగ్ర పథకము, 2016లో నేటి ప్రధానమంత్రి బీమా వచ్చినవి. ఖరీఫు పంటకు 2, రబీకి 1.5, వాణిజ్య పంటలకు 5 శాతము రైతు చెల్లింపవలెను. కాని నష్టమును పొలమువారీగా కాక ఊరివారీగా లెక్కింతురు గనుక, ఊరంతయు పండి తన చేను ఒక్కటి ఎండినవానికి సామాన్యముగా దక్కునది లేదు. కౌండిన్య అడవుల నుండి దిగివచ్చి ఒక్క చేనును త్రొక్కిపోవు ఏనుగులకును ఈ సరాసరి తెలియదు. వానికి అటవీశాఖవారి పరిహారము వేరు, దరఖాస్తు వేరు.

2025 ఫిబ్రవరిలో రాష్ట్రమంతట గ్రామగ్రామమున శిబిరములు పెట్టి రైతులకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య నిచ్చుట మొదలిడిరి. పట్టా, ఆధారు, ఆధారుతో జతపడిన ఫోను సంఖ్య తీసికొని రావలెనని చాటింపు. ఇకమీదట ప్రభుత్వ సాయము ఈ సంఖ్యను బట్టియే యని ప్రకటించిరి. తండ్రి పోయి ఇరువది యేండ్లయినను పేరు మార్చుకొనని పట్టాలు, నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి పట్టాలు మన తెలుగు పల్లెలలో ఇంటింట నున్నవి. అట్టివారు మొదట వారసత్వపు ధ్రువపత్రము పొంది, తాలూకా కచ్చేరిలో పట్టా మార్పునకు దరఖాస్తు పెట్టుకొనవలసియున్నది. జమాబంది జరుగు దినములలో ఆ దరఖాస్తులను అచ్చటనే తీసికొందురు. కౌలుదారునకు సంఖ్య యేదియో ఆ శిబిరములలో అడిగినవారికి, పట్టా ఎవరి పేర నున్నదని ఎదురు ప్రశ్న వేసిరి.